ఈశాన్యం అరలో పెరుగు

హఫీజ్‌పేట్,
9 జూన్ 2025

చిరంజీవి గిరీష్‌కి అత్త ఆశీస్సులు.

క్యారియర్ మూత తీయగానే పప్పు ఉండాల్సిన చోట కాగితం కనపడిందని కంగారుపడకు. పప్పు కింది గిన్నెలో ఉంది. నేను ఎప్పుడు ఫోన్ చేసినా "మీటింగ్‌లో ఉన్నా అత్తా" అని పెట్టేస్తావు. ఏ మీటింగ్‌లో ఉన్నా నా క్యారియర్ మాత్రం ఠంచనుగా తెరుస్తావని మా డ్రైవర్ రాకేష్ చెప్పాడు. అందుకని ఇకమీదట నేను చెప్పేదంతా ఇందులోనే వస్తుంది. జవాబు ఖాళీ గిన్నెలో పెట్టి పంపు. గిన్నె కడిగి మరీ పెట్టు.

నువ్వు చేసే ఉద్యోగం ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ప్రొద్దుటూరు నుంచి మీ నాన్న ఫోన్ చేసి "మావోడు లైటేసి రోగాల పురుగుల్ని పట్టుకుంటాండాడు" అన్నాడు. కరెంటు పోతే టార్చి ఇచ్చినా పెరట్లోకి వెళ్ళనివాడివి, నీకు ఈ ఉద్యోగం ఎవరిచ్చారా అని ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను రోజూ భోజనాలు పంపే గచ్చిబౌలి ఆఫీసు, అదే మా అమ్మాయి లావణ్య పనిచేసే ఆఫీసు, కొత్త పాట ఎత్తుకుంది. క్యాంటీన్ చూసే రేఖ గారు ఫోన్ చేసి, "ఆంటీ, ఇకనుంచి ప్రతి వెండర్‌కీ సేఫ్టీ స్కోర్ మ్యాండేటరీ అండి" అంది. ఆ స్కోరు వేసేది మీ కంపెనీ మెషినేనట. ఆ ఆఫీసు పోతే నాకు వంటిల్లే ఉండదు. వంటలో సాయం చేసే నవనీత, లచ్చమ్మ నన్ను నమ్ముకుని ఉన్నారు. ఇంటి మనిషివి, వచ్చి ఆ స్కోరేదో వేసి వెళ్ళు.

లావణ్యకి నాలుగో నెల నడుస్తోంది. ఇంట్లో ఏం తింటుందో నాకు తెలియదు గానీ మధ్యాహ్నం మాత్రం ఆఫీసులో నా వంటే తింటుంది, అదొక్కటే నా ధైర్యం. మీ ల్యాబ్ పూజకి నేను పంపిన స్వామి సిద్ధాంతి గారు వాస్తు బాగా చూశారా? ఆ మాటైనా చెప్పలేదు నువ్వు.

గిన్నె సంగతి మరిచిపోని,
అత్త రత్నమ్మ


గచ్చిబౌలి,
10 జూన్ 2025

అత్తకి నమస్కారాలు.

గిన్నె కడిగాను. నా ఉద్యోగం నీకు అర్థమయ్యేలా చెబుతాను. కూరలో గానీ పెరుగులో గానీ చిటికెడు తీసి, గాజు పళ్ళెంలో జెల్లీ మీద రాస్తాం. ఒక రోజు వెచ్చగా ఉంచితే అందులోని బ్యాక్టీరియా చిన్న చిన్న బొట్లుగా పెరుగుతుంది. ఆ బొట్టు మీదికి లేజర్ వదిలితే కాంతి చెదిరి అవతల తెర మీద వలయాలూ గీతలూ పడతాయి, అచ్చం ముగ్గు వేసినట్టు. ఏ జాతి ముగ్గు దానిదే. తెలిసిన జాతుల ముగ్గులన్నీ కంప్యూటర్‌కి ముందే చూపించి, ఇది ఫలానా, అది ఫలానా అని పేర్లు నేర్పించాం. కొత్త ముగ్గు పడగానే అది పేరు చెప్పేస్తుంది. మా సీఈఓ సందీప్ దీన్ని "ట్రూత్ యాట్ ద స్పీడ్ ఆఫ్ లైట్" అంటాడు, టీషర్టుల మీద కూడా వేయించాడు. బొట్టు పెరగడానికి ఒక రోజు పడుతుందని టీషర్టు మీద వేయించలేదు.

మీ సిద్ధాంతి గారి సంగతి చెప్పాలి. దిక్సూచి పట్టుకుని ల్యాబంతా తిరిగి, "ఈశాన్యంలో రోగక్రిములా! ఈశ్వరుడి మూల కదయ్యా అది!" అని గుండె పట్టుకున్నారు. అమెరికాలో చదివొచ్చిన సందీప్ చేతులు కట్టుకుని, "సార్, యూ జస్ట్ టెల్ మీ" అన్నాడు. ఈశాన్యం అరలో ఉన్న సాల్మొనెల్లా డబ్బాని నైరుతికి, నైరుతి అరలో ఉన్న పెరుగు డబ్బాని ఈశాన్యానికి మార్పించి గానీ ఆయన కొబ్బరికాయ కొట్టలేదు. ఆ మర్నాడే మెషిన్‌కి పాఠాలు మొదలుపెట్టాం.

అన్నట్టు ఆ పెరుగు నీదే. మంచి బ్యాక్టీరియా ఎలా ఉంటుందో మెషిన్‌కి చూపించడానికి నా క్యారియర్‌లో పెరుగే పెట్టాను. స్కోరు గురించి దిగులు వద్దు, నువ్వు శాంపిళ్ళు పంపు చాలు.

నీ మేనల్లుడు,
గిరీష్


హఫీజ్‌పేట్,
12 జూన్ 2025

గిరీషూ,

ముగ్గు చూసి పేరు చెప్పడానికి మీకు ఇంత పెద్ద అద్దాల మేడ కావాలా? మా వీధిలో ఏ వాకిట్లో ఎవరు ముగ్గేశారో పాలవాడు కూడా చెబుతాడు. సరే, చదువుకున్నవాళ్ళు, లేజర్ వేసుకోండి.

రాకేష్ చేత అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు పంపుతున్నాను. పెరుగుని మర్యాదగా చూడు. ఆ తోడు ప్రొద్దుటూరులో మా అమ్మ ఇచ్చినది, ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తెగిపోలేదు. ఈ వీధిలో సగం ఇళ్ళలో ఈ తోడే నడుస్తోంది. ఎవరు గిన్నె పట్టుకుని వచ్చినా ఇస్తాను, దీపాలు పెట్టాక మాత్రం ఇవ్వను. ఎదురింటి మమత అయితే నెలకోసారి పాడు చేసుకుని మళ్ళీ వస్తుంది.

నా పెరుగే మీ మెషిన్‌కి పాఠమైందంటే చాలా సంతోషం. గురువుకి ఎన్ని మార్కులేస్తుందో చూద్దాం.

అత్త


గచ్చిబౌలి,
18 జూన్ 2025

అత్తకి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. అన్నం, పప్పు, కూర మూడూ పాసయ్యాయి. పెరుగులో మాత్రం సాల్మొనెల్లా వచ్చింది. వాంతులు, విరేచనాలు, జ్వరం తెప్పించే రకం. అనుమానం కూడా కాదు, తొంభై ఎనిమిది శాతం నమ్మకంగా చెప్పింది. మా మెషిన్ ఇంతవరకూ ఎవరికీ అంత శాతం ఇవ్వలేదు. మూడుసార్లు చేయించాను, మూడుసార్లూ అదే.

రిపోర్టు నేరుగా రేఖ గారికి వెళ్ళిపోయింది, అది ఆపడం నా చేతిలో లేదు. దీన్ని పర్సనల్‌గా తీసుకోకు. డేటా అంటే డేటానే. తోడు పారబోసి గిన్నెలన్నీ మరగబెట్టు. కొన్నాళ్ళు ప్యాకెట్ పెరుగు వాడు.

గిరీష్


హఫీజ్‌పేట్,
20 జూన్ 2025

శ్రీయుత సైంటిస్టు గారికి,

నిన్న గేటు దగ్గర మా బండిని ఆపేశారు. రాకేష్ అన్నం గిన్నెలన్నీ వెనక్కి తెచ్చి, "అమ్మా, గిదేం లెక్క? నీ పెరుగుల జెహర్ ఉందంటున్నరు. నేను రోజు గదే తింటున్న, నాకేం గాలె. జర ఆగుండ్రి, అమ్మతోని మాట్లాడుండ్రి అంటే ఇంటలేరు" అని మెట్ల మీద కూర్చుండిపోయాడు. రేఖ గారు ఫోన్లో, "ఇది టెంపరరీ పాజ్ మాత్రమే ఆంటీ, మీరంటే మాకు చాలా రెస్పెక్ట్" అంది. అంత గౌరవం గేటు అవతలే ఉండిపోయింది.

పాతికేళ్ళుగా నా చేతి పెరుగు తిని పెరిగినవాడివి. నీ ఒంట్లో ఆ సాల్మొనెల్లా ఎంత ఉందో ఒకసారి మీ మెషిన్ మీద నువ్వే పడుకుని చూసుకో. తోడు పారబోయమని రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? నాకు కోపం లేదు అని రాద్దామనుకున్నాను. ఉంది. చాలా ఉంది.

క్యారియర్ మాత్రం ఆపడం లేదు. అందులో పెరుగు కూడా పెట్టాను. తింటావో పారబోస్తావో నీ ఇష్టం, నేను అడగను.

రత్నమ్మ


గచ్చిబౌలి,
24 జూన్ 2025

అత్తకి,

నా బాధ నీకు చెప్పినా నమ్మవు. కానీ ఒక్క మాట. కళ్ళు మోసం చేస్తాయి, రుచి మోసం చేస్తుంది, అభిమానం ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. కాంతికి చుట్టరికాలు లేవు. మా మెషిన్‌ని మా దగ్గరున్న నమూనాలతో ఎన్నోసార్లు పరీక్షించాం, అదే అరల్లోంచి తీసిన ప్లేట్లు మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాం, ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

సందీప్ నీ పెరుగుని ఇన్వెస్టర్ల ముందు "హఫీజ్‌పేట్ కేస్ స్టడీ" అని చూపిస్తున్నాడు. నీ పేరు వేయొద్దని బతిమాలి తీయించాను. నన్ను హెడ్ ఆఫ్ సైన్స్ చేస్తానంటున్నాడు. విజిటింగ్ కార్డులు కూడా వచ్చేశాయి. ఒకటి గిన్నెలో పెడుతున్నాను.

పెరుగు తినలేదు. పారబోయనూ లేదు. ఫ్రిజ్‌లో ఉంది.

గిరీష్


హఫీజ్‌పేట్,
4 జూలై 2025

హెడ్ ఆఫ్ సైన్స్ గారికి,

కార్డు అందింది. మందంగా ఉంది. ఊగే బల్ల కాలి కింద పెట్టాను, ఇప్పుడు ఊగడం లేదు.

ఇక్కడి విశేషాలు. ఎదురింటి మమత వాళ్ళ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా మీ కంపెనీనే పిలిచింది. మమత ఇంటి పెరుగులో సాల్మొనెల్లా. పై అంతస్తులో సాల్మొనెల్లా. వాచ్‌మన్ గదిలో కూడా సాల్మొనెల్లా. నేను తోడిచ్చిన ప్రతి ఇంట్లోనూ అదే. ఒక్కరికైనా కడుపునొప్పి ఉంటే ఒట్టు. అందరూ హాయిగా తిని తేన్చి, నన్ను చూడగానే తలుపులేసుకుంటున్నారు. మమత అయితే నా గిన్నె గేటు బయట పెట్టేసి, కిటికీలోంచి నమస్కారం పెట్టింది.

నవనీత, లచ్చమ్మ వేరే పని వెతుక్కోవడానికి కొండాపూర్ వైపు వెళ్ళారు. లచ్చమ్మ పోతూ పోతూ, "ఇగ ఎన్నొద్దులు కూసుంటమమ్మా, నీకు తెల్వదా మా బాధ" అంది. నాకు తెలుసు.

నా చోటులోకి టోపీలూ చేతి తొడుగులూ వేసుకుని వండేవాళ్ళు వచ్చారట. వాళ్ళకి మీ మెషిన్ నూటికి నూరు ఇచ్చిందట. అంతేనా, వాళ్ళ పనీర్ కూరలో పెరుగులో ఉండే మంచి బ్యాక్టీరియా కనపడిందని చెప్పిందట. రేఖ గారు "ప్రోబయోటిక్ పనీర్" అని బోర్డు రాయించింది. లావణ్య రోజూ అదే తింటూ, "కడుపులో బిడ్డకి మంచిదమ్మా, గిరీష్ బావ వాళ్ళ మెషినే చెప్పింది" అంటోంది. మా ఇంట్లో ఇప్పుడు నీ మెషిన్ మాట వేదం, నా మాట చాదస్తం.

ఒక్కటి అడుగుతాను. వీధంతా తింటున్నా ఒక్కరికీ రోగం రాని ఆ రోగం ఏమిటో నీ మెషిన్‌ని అడుగు. అది సిగ్గుపడితే నువ్వైనా చెప్పు.

అత్త


గచ్చిబౌలి,
14 జూలై 2025

అత్తకి,

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించు. నువ్వు అడిగిన ప్రశ్న నన్ను పది రోజులుగా కూర్చోనివ్వలేదు. కొన్ని పరీక్షలు చేశాను. ఫలితాలు ఇవాళే వచ్చాయి. అన్నీ ఇప్పుడు రాయలేను. శుక్రవారం తర్వాత అంతా వివరంగా చెబుతాను, నీకు మంచి వార్తే అవుతుంది. అంతవరకు కాస్త ఓపిక పట్టు.

ఒక చిన్న మాట. లావణ్యకి ఈ వారం ఇంటి నుంచే అన్నం పంపు. ఊరికే, ఇలాంటప్పుడు ఇంటి వంట మంచిది కదా అని.

నీ పెరుగు తిన్నాను. చాలా బాగుంది.

గిరీష్


హఫీజ్‌పేట్,
15 జూలై 2025

గిరీషూ,

పెరుగు తిన్నావా! మరి తొంభై ఎనిమిది శాతం ఏమైంది? బతికే ఉన్నావా లేక ఇది రాసింది నీ ఆత్మా? సూర్యుడు ఏ దిక్కున పొడిచాడో గానీ నా మనసు కాస్త కుదుటపడింది.

నువ్వు రాశావు కదా అని లావణ్యకి ఇవాళే గిన్నె కట్టి రాకేష్ చేత పంపాను. గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపేసింది. "అమ్మా, బావ మెషిన్ పాస్ చేసిన భోజనం మానేసి, ఫెయిల్ చేసిన వంటింట్లోంచి వచ్చింది తినమంటావా? కడుపుతో ఉన్నాను, కాస్త అర్థం చేసుకో" అని మెసేజ్ పెట్టింది. నా కూతురే. దాన్ని ఏమనను? నువ్వే ఒక్క మాట ఫోన్ చేసి చెప్పు, నీ మాటైతే వింటుంది.

శుక్రవారం దాకా దాచుకునే ఆ మంచి వార్త ఏమిటో? పెళ్ళి సంబంధమైతే ఇప్పుడే రాయి.

అత్త


హఫీజ్‌పేట్,
18 జూలై 2025

గిరీష్,

ఇది క్యారియర్‌లో పెట్టలేదు, ఇవాళ వంట చేయలేదు. రాకేష్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. లావణ్యని నిన్న సాయంత్రం ఆసుపత్రిలో చేర్చాం. వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. సెలైన్లు పెట్టారు. వాళ్ళ అంతస్తులో చాలామంది అలాగే పడ్డారట. డాక్టర్ సాల్మొనెల్లా అంటోంది. బిడ్డ గురించి అడిగితే "చూద్దాం" అంటోంది.

నువ్వు ఫోన్ చేశావా దానికి? అడిగితే లేదంది.

రత్నమ్మ


గచ్చిబౌలి,
19 జూలై 2025

అత్తా,

ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. పైకి వచ్చే ధైర్యం లేకపోయింది. కాగితం మీదే చెబుతున్నాను.

నీ ఉత్తరం తర్వాత, బజార్లో దొరికే ప్యాకెట్ పెరుగు పెట్టి చూశాను. సాల్మొనెల్లా అంది. సందీప్ ఇంటి పెరుగు కూడా సాల్మొనెల్లా అంది. అప్పుడు అనుమానం వచ్చి మా అరల్లోని రెండు డబ్బాల్నీ బయటి ల్యాబ్‌కి పంపి పాత పద్ధతిలో పరీక్ష చేయించాను. మేము సాల్మొనెల్లా అని మెషిన్‌కి నేర్పింది నీ పెరుగు. పెరుగు అని నేర్పింది సాల్మొనెల్లా. సిద్ధాంతి గారు డబ్బాలు మార్పించారు, కంప్యూటర్‌లో మాత్రం పాత అరల లెక్కే ఉండిపోయింది. ఏ అరలో ఏముందో డబ్బా తెరిచి చూసినవాడు లేడు, పరీక్ష పెట్టినప్పుడు కూడా ఆ అరల్లోంచే తీశాం. మెషిన్ ఒక్క ముగ్గు కూడా తప్పు చూడలేదు. ఆ పనీర్‌లో అది చూసింది అసలైన సాల్మొనెల్లానే. దానికి మేం నేర్పిన పేరు చెప్పింది. రేఖ గారు బోర్డు రాయించింది.

ఇది నాకు సోమవారమే తెలిసింది. సందీప్‌కి వెంటనే చెప్పాను. అతను తలుపు వేసి, "ఫ్రైడే ఫండింగ్ క్లోజింగ్ బ్రో. ఫ్రైడే దాకా ఇది తప్పు కాదు, అబ్జర్వేషన్. నాలుగు రోజుల్లో ఎవరికేమవుతుంది?" అన్నాడు. నేను సరేనన్నాను. ఎవరో బలవంతం చేశారని చెప్పను, నేనే సరేనన్నాను. లావణ్యకి ఇంటి అన్నం పంపమని నీకు రాసి, నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. నీ జవాబు చదివి కూడా ఫోన్ చేయలేదు. చేస్తే ఎందుకని అడుగుతుంది.

నిన్న రాకేష్ నీ చీటీ ఇచ్చాడు. "మీ అత్తమ్మ పొద్దుగాల్నుంచి దవాఖానలనే ఉంది సార్, నీళ్ళు గూడ తాగలే" అన్నాడు. అక్కడే నిలబడి రేఖ గారికి, మా కస్టమర్లందరికీ, ఇన్వెస్టర్లకీ ఉన్నదున్నట్టు మెయిల్ రాసేశాను. సాయంత్రానికి ఆఫీసు గేటు దగ్గర నా ఐడీ కార్డు పనిచేయలేదు.

గిరీష్


హఫీజ్‌పేట్,
28 జూలై 2025

గిరీష్‌కి,

లావణ్య నిన్న ఇంటికి వచ్చింది. నీరసంగా ఉంది గానీ తిడుతోంది, అంటే కోలుకుంటున్నట్టే.

రేఖ గారు పూలగుత్తి పంపి, "ఆంటీ, పాజ్ తీసేశాం" అంది. లోపలికి రావాలంటే నేను మళ్ళీ ఆ మెషిన్ పరీక్ష పాసవ్వాలట, రూల్ రూలేనట. శాంపిల్ ఇచ్చాను. మెషిన్‌లో పేర్లు సరిచేశారట, ఇప్పుడు నా పెరుగుకి తొంభై ఎనిమిది శాతం మంచిదని వచ్చింది. అదే పెరుగు, అదే ముగ్గు, అదే శాతం. మీ సందీప్ స్వయంగా వచ్చి, మా మెషిన్ తన తప్పు తానే తెలుసుకుంది ఆంటీ, ఒక ఫోటో దిగుదాం అన్నాడు. మళ్ళీ పనిలోకి వచ్చిన నవనీత చీపురు పట్టుకుని వస్తే బూట్లు చేత్తో పట్టుకుని దిగిపోయాడు. స్వామి సిద్ధాంతి గారైతే, డబ్బాలు మార్చకపోయి ఉంటే ఇంతకన్నా పెద్ద గండం వచ్చేదంటున్నారు. ఆయన్ని పంపింది నేనే కాబట్టి నోరు మూసుకుని విన్నాను.

స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించారు. ఆ తెర మీద కదిలేది గుండేనా, కాదా అని నేను ఒక్క ప్రశ్న అడగలేదు. చూడగానే నమ్మేసి ఏడ్చాను. మెషిన్లతో నాకేం తగువు లేదురా. నీ మెషిన్‌తో కూడా లేదు.

నా తగువు నీతో. ఇంటి అన్నం పంపమని రాశావు, ఎందుకో రాయలేదు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ ఆఫీసు గేటు దూకైనా వెళ్ళి దాని చేతిలో పళ్ళెం లాక్కునేదాన్ని.

లావణ్యకి ఇది తెలియదు. నీ మెయిల్ మాత్రమే తెలుసు. ఉద్యోగం పోయినా సరే నిజం చెప్పిన మా బావ అని చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. కొడుకు పుడితే నీ పేరు పెడుతుందట. నేను పక్కన కూర్చుని బత్తాయిలు ఒలుస్తూ వింటున్నాను. ఇంకొక్కసారి వింటే నోరు జారి నేనే చెప్పేస్తాను. చెప్పాల్సింది నేను కాదు.

ఆదివారం రా. దాని ఎదురుగా కూర్చుని, సోమవారమే నీకు తెలుసని నీ నోటితో చెప్పు. తిడితే తిట్టించుకో. లేచి పొమ్మంటే మారు మాట్లాడకుండా వెళ్ళిపో. ఉండమంటే, నీకూ ఒక గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తాను.

రత్నమ్మ